ముద్ర లేని మనిషి అమ్మేదేమిటి?

విజయనగరం జంక్షన్ ప్లాట్‌ఫారం మీద, ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషను బయట టీకొట్టు దగ్గర, పలాస రైల్వే క్వార్టర్ల అరుగుల మీద యూనియన్ నాయకుడి ఊసు ఎత్తితే చాలు, ఒకే పాట వినిపిస్తుంది. మస్టరులో అతని సంతకం ఉంటుంది, పట్టాల మీద అతని నీడ పడదు. ట్రాన్స్‌ఫర్‌కి ఒక ధర, క్వార్టరుకి ఒక ధర, చార్జిషీటు మూయించడానికి వేరే ధర. గ్యాంగులో చేరిన కుర్రాడు సుత్తి పట్టడం కంటే ముందు ఏ నాయకుడి వెనక నడవాలో నేర్చుకుంటాడని చెప్పుకుని నవ్వుకుంటారు. పాట చివర తీర్పు సిద్ధంగా ఉంటుంది. యూనియన్లు బలిసిపోయాయి, ఆఫీసర్లని పని చేయనివ్వడం లేదు, వీటిని ఎత్తేస్తే రైల్వే బాగుపడుతుంది, లేదంటే ప్రైవేటువాడి చేతికిస్తే రోగం దానంతటదే కుదురుతుంది. రైల్వేతో సంబంధం లేని పెద్దమనుషులే కాదు, చందా కట్టే ఉద్యోగులు కూడా ఈ తీర్పు కింద వేలిముద్ర వేస్తున్నారు. పాటలో నిజం ఉంది. తీర్పులో లేదు. నేరం ఎక్కడ పుట్టిందో చూడకుండా వేసిన తీర్పు కాబట్టి, దాన్ని అమలు చేస్తే ఆ నేరమే ఇంకా పెరుగుతుంది.

నిజాన్ని ముందు నిజంగా ఒప్పుకుందాం. నాయకుల తరఫున వకాల్తా పుచ్చుకోవడం ఈ వ్యాసం పని కాదు. గుర్తింపు పొందిన యూనియన్ పదాధికారికి రైల్వే కొన్ని వెసులుబాట్లు ఇస్తుంది. సమావేశాలకు స్పెషల్ క్యాజువల్ లీవు, తిరగడానికి పాసు, ఆఫీసుకి ఒక గది, కక్షతో బదిలీ చేయకుండా కొంత రక్షణ. కార్మికుడి తరఫున మాట్లాడటానికి ఇచ్చిన ఈ వెసులుబాట్లే చాలాచోట్ల వ్యాపారానికి పెట్టుబడి అయ్యాయి. కూనేరు దగ్గర పట్టాలు చూసుకునే కీమన్ పిల్లల చదువు కోసం విజయనగరం రావాలనుకుంటాడు. సొంత కోరిక మీద బదిలీకి, అంటే ఓన్ రిక్వెస్ట్‌కి, దరఖాస్తు పెడతాడు. జాబితాలో తన నంబరు ఎంతో, తన ముందు ఎవరున్నారో, ఖాళీ ఎప్పుడు పడుతుందో అతనికి ఎవరూ చెప్పరు. తెలిసినవాడు ఒకడుంటాడు. ఆ తెలియడానికే విలువ. భర్త డ్యూటీలో చనిపోయిన ఇల్లాలు కారుణ్య నియామకం కోసం తిరిగినా, చూపు తగ్గిన డ్రైవరు మెడికల్‌గా అనర్హుడై తేలిక పని అడిగినా, రిటైరైన గ్యాంగ్‌మన్ సెటిల్‌మెంటు డబ్బుల కోసం డివిజన్ ఆఫీసు మెట్లెక్కినా ఇదే కథ. అవసరం ఎంత దీనమైనదో మామూలు అంత గట్టిగా అడుగుతారు. అన్నిచోట్లా, అందరు నాయకులూ ఇలాగే ఉన్నారని ఎవరైనా అంటే అది అబద్ధం. ఎక్కడా లేరని ఎవరైనా అంటే అది ఇంకా పెద్ద అబద్ధం.

ఇక్కడ ఆగి ఒక చిన్న ప్రశ్న వేయాలి. ఆ కీమన్ ట్రాన్స్‌ఫర్ ఆర్డరు మీద సంతకం ఎవరిది? క్వార్టరు కేటాయింపు కాగితం మీద ముద్ర ఎవరిది? చార్జిషీటు ఇచ్చేదీ, దాన్ని చిన్న శిక్షతో ముగించేదీ ఎవరి కలం? ఒక్కదాని మీదా యూనియన్ కార్యదర్శి సంతకం ఉండదు. అతనికి ముద్ర లేదు, కలం లేదు, ఫైలు లేదు. తనది కాని సరుకుని అతను అమ్ముతున్నాడు. తనది కాని సరుకు అమ్మాలంటే సరుకు గలవాడు ఇవ్వాలి కదా. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. మనవాళ్లు ఆ సామెత చెప్పి పూజారిని తిట్టి ఊరుకుంటున్నారు. ఈ గుడిలో పూజారిని తలుపు దగ్గర నిలబెట్టింది దేవుడే అన్న సంగతి మరిచిపోతున్నారు. ఆఫీసరు చేతిలో విచక్షణాధికారం ఉన్నంతకాలం, ఆ అధికారాన్ని ఎలా వాడాడో కింది ఉద్యోగికి కనబడనంతకాలం, మధ్యలో ఒక చిల్లర దుకాణం వెలుస్తూనే ఉంటుంది. ఆ దుకాణానికి ఎర్రజెండా కట్టినా, మూడు రంగుల జెండా కట్టినా, కాషాయం కట్టినా, ఏ జెండా లేకుండా కాంట్రాక్టరు బోర్డు తగిలించినా లోపల సరుకు ఒకటే.

సరుకు పైనుంచే వస్తుందనడానికి దాఖలాలు వెతుక్కోనక్కర్లేదు. 2024 నవంబరులో వాల్తేరు డివిజనల్ రైల్వే మేనేజర్‌ని, అంటే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పట్టాల్లో ఎక్కువ భాగానికి అధిపతిని, కాంట్రాక్టు సంస్థల నుంచి 25 లక్షల రూపాయల లంచం తీసుకున్నారంటూ సీబీఐ ముంబైలో అరెస్టు చేసింది. పనుల ఆలస్యానికి వేసిన జరిమానా తగ్గించడం కోసమన్నది అభియోగం. తేల్చాల్సింది కోర్టు. మరుసటి మార్చిలో మొఘల్‌సరాయ్ డివిజన్‌లో చీఫ్ లోకో ఇన్‌స్పెక్టర్ల పదోన్నతి పరీక్ష ప్రశ్నపత్రం ముందే బయటపడిందని 26 మందిని అరెస్టు చేసి, కోటి పైచిలుకు నగదు పట్టుకున్నారు. ప్రశ్నలు చేత్తో రాసి బయటికి పంపింది ఆ పేపరు తయారుచేయాల్సిన సీనియర్ ఇంజనీరేనని సీబీఐ చెప్పింది. 2013లో రైల్వే బోర్డు సభ్యుడొకరు మంచి కుర్చీ కోసం 90 లక్షలు ఇవ్వజూపిన కేసులో పట్టుబడితే ఏకంగా రైల్వే మంత్రి రాజీనామా చేయాల్సి వచ్చింది. కూనేరు కీమన్ ట్రాన్స్‌ఫర్‌కి ధర ఉన్నట్టే బోర్డులో కుర్చీకీ ధర ఉందన్నమాట, అక్కడ యూనియన్ లేకపోయినా. ఇదేమీ కొత్తగా వచ్చిన జాడ్యం కూడా కాదు. రైల్వేల్లో అవినీతి మీద విచారణకి ఆచార్య కృపలానీ అధ్యక్షతన ప్రభుత్వం 1953లోనే కమిటీ వేసింది, 1955లో నివేదిక వచ్చింది. యూనియన్ల వల్లే రైల్వే కుళ్లిందనేవాళ్లు ఈ తేదీలని ఒకసారి చూసుకుంటే మంచిది.

అయితే ఆఫీసరు తన సరుకుని నాయకుడి చేతికి ఎందుకిస్తాడు? భయపడి ఇస్తాడని లోకం అనుకుంటుంది. రైళ్లు ఆపేస్తారని భయం. ఈ భయం ఎంత బూటకమో చరిత్ర చెబుతుంది. దేశమంతా కదిలిన చివరి రైల్వే సమ్మె 1974 మే 8న మొదలై 27న ముగిసింది. దాదాపు 17 లక్షల మంది పాల్గొన్నారు, వేలమంది జైళ్లకు వెళ్లారు, ఇళ్లలోంచి కుటుంబాలని బయటికి లాగారు. ఆ తర్వాత యాభై ఏళ్లలో అలాంటి సమ్మె ఒక్కటీ లేదు. 2016లో ఏడో వేతన సంఘం సిఫార్సుల మీద జూలై నుంచి సమ్మె అని నోటీసు ఇచ్చారు, మంత్రులు పిలిచి మాట్లాడగానే వాయిదా వేశారు. 2023 నవంబరులో పాత పెన్షన్ కోసం సమ్మె బ్యాలెట్ పెట్టారు, ఉద్యోగులు ఉత్సాహంగా ఓటు వేశారు, సమ్మె రాలేదు. బోనస్ సంగతి ఇంకా చిత్రం. 1974 సమ్మెలో ప్రధానమైన కోర్కెల్లో బోనస్ ఒకటి, 1979లో అది వచ్చింది. ఏటా దసరా ముందు 78 రోజుల బోనస్ అని పత్రికల్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. లెక్క కట్టేది మాత్రం నెలకు 7,000 రూపాయల పరిమితి మీద, అందువల్ల ఎవరికైనా చేతికొచ్చేది 17,951 రూపాయలు దాటదు. రైల్వేలో అట్టడుగు ఉద్యోగి మూలవేతనమే 18,000. యజమానిని గడగడలాడించే యూనియన్ సాధించేది ఇదేనా? ఆఫీసరు నాయకుడికి సరుకిచ్చేది భయంతో కాదు. అడక్కుండా ఉన్నందుకు కూలి అది. పెద్ద కోర్కెల మీద నోరు మెదపనివాడికి చిన్న పనులు చేయించుకునే వీలు కల్పిస్తారు. 1952 నుంచి నడుస్తున్న శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం, ఉద్యోగులు పీఎన్ఎం అనే ఆ సమావేశం, డివిజన్ స్థాయి నుంచి రైల్వే బోర్డు దాకా సమస్యల్ని తీసుకెళ్లడానికి ఏర్పడింది. దానిలో అజెండా ఐటమ్స్ ఏళ్ల తరబడి అలాగే దొర్లుతుంటాయి, సమావేశం ముగిశాక ఛాంబరులో జరిగే పనులు మాత్రం అదే రోజు తెమిలిపోతాయి. బలిసింది నాయకుడి పలుకుబడి. బక్కచిక్కింది యూనియన్ బలం. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం లోకాభిప్రాయంలోని మొదటి తప్పు.

మన ప్రాంతంలో ఈ దళారీతనం మరీ లోతుగా దిగడానికి ఒక స్థానిక కారణం ఉంది, దాని మీద ఎవరూ పెద్దగా దృష్టి పెట్టలేదు. అది దూరం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఈ లైన్ల మీద పనిచేసేవాడి ఫైలు అతని భాష తెలియని ఊళ్లోనే ఉంది. 2003 ఏప్రిల్‌లో తూర్పు కోస్తా రైల్వే పూర్తిస్థాయిలో ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వే కింద ఉండేది, జోను కార్యాలయం కలకత్తా గార్డెన్‌రీచ్‌లో. బొబ్బిలిలో పాయింట్స్‌మన్ మొర హుగ్లీ ఒడ్డుకి చేరాలి. తర్వాత జోను కార్యాలయం భువనేశ్వర్ వచ్చింది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు పట్టాలైతే డివిజన్ కూడా ఒడిశాలోని ఖుర్దారోడ్డే. ఇచ్ఛాపురం గ్యాంగ్‌మన్ తన సర్వీసు రిజిస్టరులో తప్పు దిద్దించుకోవాలంటే నూటయాభై కిలోమీటర్లకు పైగా వెళ్లి, ఒడియాలోనో హిందీలోనో ఇంగ్లీషులోనో చెప్పుకోవాలి. ఒక రోజు కూలిపని మానేసినంత నష్టం, పైన చార్జీలు, అక్కడ ఎవరిని కలవాలో తెలియని దిగులు. అలాంటివాడికి భాష వచ్చిన, బల్ల తెలిసిన మనిషి దేవుడిలా కనిపిస్తాడు. ఆ మనిషి మొదట్లో నిజంగా సాయమే చేసి ఉంటాడు. పదిమందికి చేశాక చేతి ఖర్చు అడుగుతాడు. వందమందికి చేశాక ధర చెబుతాడు. నీతి గలవాళ్లు కరువై ఇలా జరగలేదు. బల్లకీ మనిషికీ మధ్య ఖాళీ జాగా వదిలితే అక్కడ ఎవరో ఒకరు పాక వేసుకుంటారు. వలస కూలీలని ఊరూరా పోగుచేసి తీసుకెళ్లే మేస్త్రీని శ్రీకాకుళం జిల్లాకి ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. మేస్త్రీకి యూనియన్ లేదు, చందా రసీదు లేదు. అయినా అడ్వాన్సు ఇచ్చేదీ, కమీషను కోసుకునేదీ అతనే.

దూరంతోపాటు ఇంకొకటి ఉంది, గుర్తింపు. యూనియన్‌కి సంప్రదింపుల బల్ల దగ్గర కుర్చీ దక్కేది రైల్వే యంత్రాంగం గుర్తిస్తేనే. దశాబ్దాల పాటు ఆ గుర్తింపుకి ఉద్యోగి ఓటుతో పని లేకుండా పోయింది. సభ్యత్వ పుస్తకాల్లోని లెక్కలు, ఢిల్లీలోని రెండు ఫెడరేషన్ల పరపతి, వాటితోనే సరిపోయింది. ఏ యూనియన్‌కి మెజారిటీ ఉందో రహస్య ఓటుతో తేల్చే పద్ధతిని 1995లో ఫుడ్ కార్పొరేషన్ ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు వివరించింది. రైల్వేలో తొలి రహస్య బ్యాలెట్ జరగడానికి 2007 నవంబరు దాకా పట్టింది. రెండోది 2013 ఏప్రిల్‌లో. మూడోది ఎప్పుడో తెలుసా? 2024 డిసెంబరు 4, 5, 6 తేదీల్లో. మధ్యలో పదకొండేళ్లకు పైగా ఖాళీ. ఆ వ్యవధిలో రెండుసార్లు లోక్‌సభ ఎన్నికలు వచ్చి మూడోవి కూడా ముగిశాయి. గడువు తీరిన గుర్తింపుతో కుర్చీల్లో కూర్చున్న నాయకులు ఎవరికి విధేయులుగా ఉంటారు? ఓటు వేయని ఉద్యోగికా, ఓటింగు వాయిదా వేస్తున్న ప్రభుత్వానికా? ఈ వాయిదా వల్ల ఇద్దరికీ లాభమే. నాయకుడికి పోటీ లేదు, యజమానికి అలజడి లేదు. నష్టపోయినవాడు అడగడానికి వేదిక లేదు. యూనియన్ నాయకుల అవినీతి గురించి గొంతు చించుకున్నవాళ్లలో ఎంతమంది ఆ పదకొండేళ్లలో ఎన్నికలు పెట్టమని ఒక్క మాట అడిగారు?

ఈ బలహీనతని ముందే పసిగట్టినవాడు మన ప్రాంతంతో ముడిపడిన మనిషే కావడం గమనించదగ్గది. వి.వి. గిరి బరంపురంలో పుట్టి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘంతో నాయకుడైనవాడు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకి పనికెళ్లిన తెలుగువాళ్ల మధ్య ఆయన పేరు పెరిగింది. 1937లో మద్రాసు శాసనసభ ఎన్నికల్లో సాక్షాత్తూ ప్రీమియర్‌గా ఉండిన బొబ్బిలి రాజా మీద బొబ్బిలిలోనే పోటీ చేసి గెలిచాడు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి వెళ్లి కేంద్ర కార్మిక మంత్రి అయ్యాడు. బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం కోసేసినందుకు 1954లో ఆ పదవి వదులుకున్నాడు. ఆయనని మహాత్ముణ్ణి చేసి చూపించడానికి ఇదంతా చెప్పడం లేదు. కార్మిక సంఘం మెట్లెక్కి మంత్రి పదవికి చేరే దారిని చూపినవాళ్లలో ఆయనా ఒకడు, ఆ దారిలో తర్వాత నడిచినవాళ్లందరూ రాజీనామా కాగితం జేబులో పెట్టుకుని నడవలేదు. ముఖ్యమైనది ఆయన వాదించిన విషయం. వివాదాల్ని ప్రభుత్వం నిర్బంధంగా ట్రిబ్యునల్‌కి పంపే పద్ధతిని గిరి జీవితమంతా వ్యతిరేకించాడు. మూడోవాడి తీర్పు మీద ఆధారపడే సంఘానికి సొంత కాళ్లు చచ్చుబడతాయని, యజమానితో నేరుగా బేరమాడే బలం సభ్యుల నుంచే రావాలని ఆయన వాదం. గిరి విధానం అని దానికి పేరు. ప్రభుత్వం ఆ విధానాన్ని పక్కన పెట్టింది. బలం పైనుంచి అరువు తెచ్చుకునే సంఘానికి ఏమవుతుందో మన డివిజన్ ఆఫీసుల వరండాల్లో ఇప్పుడు కనిపిస్తోంది.

ఇక ప్రైవేటు మందు సంగతి. రైల్వేలో ఇప్పటికే సగం ప్రైవేటు అయిన పనులు మన కళ్ల ముందే ఉన్నాయి. స్టేషన్లు ఊడ్చేవాళ్లు, బోగీలు కడిగేవాళ్లు, దుప్పట్లు పంచేవాళ్లు కాంట్రాక్టరు మనుషులు. రహస్య బ్యాలెట్‌లో వాళ్లకి ఓటు లేదు. గుర్తింపు యూనియన్‌కి వాళ్లతో పని లేదు. లోకాభిప్రాయం ప్రకారం యూనియన్ పీడ లేని ఈ చోట అవినీతి ఉండకూడదు. ఉన్నది ఏమిటి? కనీస వేతనం బ్యాంకులో పడగానే దానిలో కొంత తిరిగి ఇచ్చెయ్యాలన్న ఒత్తిడి, ఏటీఎం కార్డు సూపర్‌వైజరు దగ్గర ఉంచాలన్న షరతు, పనిలో పెట్టుకోవడానికే ముందు సొమ్ము. కాంట్రాక్టు కార్మికుల ఫిర్యాదుల్లో ఈ మూడూ దేశమంతా వినిపించేవే. పర్మనెంటు ఉద్యోగి మామూలు ఇచ్చేది ట్రాన్స్‌ఫర్‌కి. కాంట్రాక్టు కార్మికుడు ఇచ్చేది పని ఉండటానికి, ప్రతి నెలా. ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే అర్జెంటీనా చూడండి. అక్కడ 1990ల్లో కార్లోస్ మెనెమ్ ప్రభుత్వం రైల్వేలని ప్రైవేటు సంస్థలకి అప్పగించింది. యూనియన్ ఫెర్రోవియారియా అనే పెద్ద సంఘానికి నాయకుడైన హోసే పెద్రాసా దాన్ని అడ్డుకోలేదు, కలిసి నడిచాడు. కూలీలని సరఫరా చేసే బయటి సంస్థల్లో ఆ సంఘం పెద్దలకే వాటాలు వచ్చాయి. 2010 అక్టోబరులో ఆ బయటి కార్మికులు తమని పర్మనెంటు చేయమని ఆందోళనకి దిగితే సంఘం మనుషులే వాళ్ల మీద పడ్డారు, తుపాకి కాల్పుల్లో మరియానో ఫెరేరా అనే ఇరవై మూడేళ్ల కుర్రాడు చనిపోయాడు. 2013లో పెద్రాసాకి 15 ఏళ్ల జైలుశిక్ష పడింది. ప్రైవేటీకరణ అక్కడ దళారీని తొలగించలేదు, కాంట్రాక్టరుగా ప్రమోషన్ ఇచ్చింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటే ఇల్లు పోతుంది. ఎలుకలు పక్కింటి గాదెలో ఇంకా బాగా బతుకుతాయి.

ప్రైవేటు మాట ఎత్తనివాళ్లు ఇంకో తెలివైన ప్రశ్న వేస్తారు, దానికి గౌరవంగానే జవాబు చెప్పాలి. కంప్యూటరు వచ్చింది కదా, ఇక యూనియన్ దేనికి? నిజమే, వచ్చింది. 2020లో పాసులు ఆన్‌లైన్ అయ్యాక పాసు కోసం గుమాస్తా దగ్గర చేతులు కట్టుకోవడం తగ్గింది. మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్ల దరఖాస్తులూ ఆ దారిలోనే వెళ్తున్నాయి. మొఘల్‌సరాయ్ వ్యవహారం తర్వాత శాఖాపరమైన పరీక్షలని రిక్రూట్‌మెంట్ బోర్డుల ద్వారా కంప్యూటరు మీద పెట్టాలని రైల్వే బోర్డు నిర్ణయించింది. ఇవి నా వాదానికి వ్యతిరేకం కావు, సాక్ష్యాలు. ఒక్క యూనియన్‌ని కూడా రద్దు చేయకుండానే, ఆఫీసరు బల్ల మీది చీకటి తొలగినచోట నాయకుడి దుకాణం మూతపడింది. చీకటి మిగిలినచోట మిగిలింది. కానీ కంప్యూటరు ఉన్నదాన్ని వరసలో పంచగలదే గాని లేనిదాన్ని అడగలేదు. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య పలాస పాసింజరుని వెనకనుంచి రాయగడ పాసింజరు గుద్దింది. పద్నాలుగు మంది చనిపోయారు. వాళ్లలో రాయగడ బండి లోకోపైలటు, సహాయకుడు ఉన్నారు. కొన్ని నెలల తర్వాత రైల్వే మంత్రి ఆ ఇద్దరూ క్రికెట్ మ్యాచ్ వల్ల పరధ్యానంలో పడ్డారని చెప్పారు. చనిపోయినవాళ్లు జవాబు చెప్పుకోలేరు. ఆధారం చూపించమని, ఆటోమేటిక్ సిగ్నల్ పాడైనప్పుడు పాటించాల్సిన నిబంధనల్లో వాళ్లకి ఎంత శిక్షణ ఇచ్చారో చెప్పమని, అంతకుముందు వారం ఎన్ని గంటలు నడిపించారో రిజిస్టరు తీయమని నిలదీయడానికి ఒక గొంతు కావాలి. భార్యాబిడ్డలు ఒంటరిగా అడగలేరు. పోర్టల్‌లో దానికి బటన్ లేదు. అలాంటి సమయంలో అడగాల్సిన గొంతే అంతకుముందు రోజు ఛాంబరులో క్వార్టరు కోసం బతిమాలుకుని వస్తే, ఆ గొంతు ఎంత పైకి లేస్తుంది? నాయకుడి అవినీతి వల్ల కార్మికుడు పోగొట్టుకునేది మామూలు కింద ఇచ్చిన డబ్బు కాదు, ఈ గొంతు. అవినీతి అసలు ధర ఇదైతే, గొంతు కోసెయ్యడం దానికి వైద్యం ఎలా అవుతుంది?

ఎన్నికలు పెడితే మాత్రం మంచివాళ్లు వస్తారా అని పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. బ్యాలెట్ రోజుల్లో బిరియానీ పొట్లాలు, కులాల లెక్కలు, రాష్ట్రాల లెక్కలు, సీసాలు, అన్నీ ఉంటాయి. లేవని ఎవరంటారు? గ్రామ పంచాయతీ ఎన్నికల్లోనూ అవి ఉన్నాయి, అందుకని పంచాయతీలని కరణాల చేతికి తిరిగి అప్పగించమని ఎవరూ కోరడం లేదు. అమెరికాలో లారీ డ్రైవర్ల సంఘం టీమ్‌స్టర్స్ మాఫియా గుప్పిట్లో ఏళ్ల తరబడి నలిగింది. అక్కడ ప్రభుత్వం సంఘాన్ని రద్దు చేయలేదు. కోర్టుకెక్కి, 1989లో ఒప్పందం కుదిర్చి, సభ్యులే నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు తెచ్చింది. 1991లో అలా గెలిచిన రాన్ కేరీ కూడా తర్వాత తన ఎన్నికల ఖర్చుల కుంభకోణంలో పదవి పోగొట్టుకున్నాడు. ఓటు పెట్టినా మళ్లీ దొంగే వచ్చాడు కదా అని దీన్ని ఎత్తిచూపవచ్చు. కానీ ఆ దొంగని పట్టుకోగలిగారు, దించగలిగారు, సంఘం మిగిలింది. మాఫియా కాలంలో ఆ మూడూ సాధ్యం కాలేదు. ఓటు నుంచి అంతకుమించి ఆశించకూడదు, అంతకంటే తక్కువతో సరిపెట్టుకోకూడదు.

నాయకుల వైపునుంచీ ఒక వాదన ఉంది, ఇన్ని మాటలూ బయటివాళ్లకే చెప్పి వాళ్లని వదిలేస్తే న్యాయం కాదు. మేం సేవ చేస్తున్నాం, తిరుగుళ్లకి ఖర్చవుతుంది, ఇష్టపడి ఇచ్చింది తీసుకుంటే లంచమెలా అవుతుంది అంటారు. ఖర్చుకి చందా ఉంది, రసీదు ఉంది. రసీదు లేని డబ్బు ఇష్టపడి ఇచ్చింది కాదు, దిక్కులేక ఇచ్చింది. 2025 దాకా దాదాపు నూరేళ్లు అమల్లో ఉండిన 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం 20వ సెక్షనులో సంఘం లెక్కల పుస్తకాలని ఏ సభ్యుడైనా చూడవచ్చని స్పష్టంగా రాసి ఉండేది. ఏటా ఆడిట్ చేసిన లెక్కలు రిజిస్ట్రారుకి పంపాలని 28వ సెక్షను చెప్పేది. నిజంగా సేవే అయితే, ప్రతి బ్రాంచి ఆఫీసు గోడ మీద ఆ లెక్కలు అంటించడానికి జంకు దేనికి? ఈ విషయంలో సభ్యుల తప్పు కూడా తక్కువేమీ కాదు. జనరల్ బాడీలో లెక్కలు అడిగినవాణ్ణి పిచ్చివాడిలా చూసి, రేపు తన ట్రాన్స్‌ఫర్‌కి ఇదే నాయకుడు కావాలని నోరు మూసుకునేది వాళ్లే. ఆ మౌనానికి కారణం కూడా మళ్లీ మొదటికే వస్తుంది. ట్రాన్స్‌ఫర్ జాబితా గోడ మీద ఉంటే నాయకుణ్ణి లెక్కలు అడగడానికి ఎవరికీ భయం ఉండదు.

ఈ మాటలకి ఇప్పుడు తొందర ఎందుకంటే రెండు మార్పులు ఒకేసారి వచ్చి పడుతున్నాయి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 51 శాతం మద్దతు ఉన్న సంఘాన్ని ఏకైక సంప్రదింపుల సంఘంగా గుర్తిస్తుంది. పోటీ యూనియన్ల గొడవ తగ్గుతుందని సంతోషించేవాళ్లు, కాలం ప్రకారం ఓటు లేకుండా ఏకైక దుకాణం పెడితే ధర తగ్గుతుందా పెరుగుతుందా అని ఆలోచించుకోవాలి. రెండోది మన ఇంటి ముంగిట్లోదే. 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోను, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్చిన రూపంలో, వాల్తేరుని విశాఖపట్నం డివిజన్‌గానూ రాయగడ డివిజన్‌గానూ విడదీస్తోంది. పలాస నుంచి విశాఖ మీదుగా దువ్వాడ, కూనేరు నుంచి విజయనగరం, బొబ్బిలి నుంచి సాలూరు, నౌపడ నుంచి పర్లాకిమిడి ఇటువైపు. కూనేరు దాటితే అటువైపు. వేలమంది ఉద్యోగులు ఏ డివిజన్, ఏ జోను, ఏ సీనియారిటీ అన్నది కాగితాల మీద తేలాలి. ఏ డివిజన్‌లో ఉండాలో ఆప్షను ఇచ్చినవాళ్లలో ఎవరిది ముందు, ఎవరిది వెనక, ఎవరు పార్వతీపురంలో ఉంటారు, ఎవరు తేరుబాలి వెళతారు అన్నది ఏదో ఒక బల్ల మీద ఎవరో ఒకరు రాస్తారు. కొన్ని తరాలకి ఒకసారి వచ్చే సంత ఇది, దళారీలు ఇప్పటికే చాపలు పరుస్తుంటారు. ఆప్షన్ల జాబితాని దరఖాస్తు తేదీలతో, సీనియారిటీ నంబర్లతో సహా విజయనగరం, పలాస, బొబ్బిలి, పార్వతీపురం నోటీసు బోర్డుల మీద తెలుగులో, ఒడియాలో, హిందీలో అంటించమని డివిజనల్ రైల్వే మేనేజర్ ఆఫీసు ఎదుట ముందుగా ధర్నాకి కూర్చునే యూనియన్ ఏదో చూడాలి.